గోల్ఫ్ సొమ్ముకు మైలేమిటి?

వార్త చిన్నదే. ఉత్తర అమెరికాలో ఏదో ఒక గోల్ఫ్ క్లబ్బు. శనివారం పొద్దున వందమందిదాకా పోగవుతారు. తలా ఇంత రుసుము కట్టి ఆడతారు, భోంచేస్తారు, వేలంపాట పాడతారు. వచ్చిన డబ్బుతో మందుపాతరలు పసిగట్టే కుక్కను కొని బోస్నియాకో కంబోడియాకో పంపిస్తారు. ఇలాంటి టోర్నమెంట్ల ప్రస్తావన వచ్చినప్పుడల్లా చదువుకున్నవాళ్ల నోట ఒకే తరహా మాటలు వినిపిస్తాయి. "పచ్చగడ్డి మీద బంతులు కొట్టి, విందులు చేసి, పేదవాడి కాలు కాపాడామని ఫొటోలు దిగడమా? ఆ చెక్కేదో నేరుగా రాసివ్వొచ్చుగా? అయినా మందుపాతరలు పాతింది ప్రభుత్వాలైతే తీయాల్సింది ఎవరు? పైగా కుక్కలట, చోద్యం కాకపోతే!"

వినడానికి న్యాయంగానే ఉంటుంది. పేదల పక్షాన మాట్లాడినట్టూ ఉంటుంది. అందుకే దీనికి ఎవరూ ఎదురు చెప్పరు. నాకు మాత్రం ఇందులో ఎక్కువ భాగం తప్పుగా కనిపిస్తోంది. తప్పు కానిది కాస్త ఉంది. అది ఈ వెక్కిరించేవాళ్లు వేలు చూపించే చోట లేదు.

ముందు కుక్క సంగతి తేల్చుకుందాం. ఎగతాళి అంతా దాని చుట్టూనే తిరుగుతోంది కాబట్టి. కుక్క అనగానే ముద్దు, జాలి, క్యాలెండర్ బొమ్మ అనుకుంటారు. మందుపాతరల పొలంలో అది పనిముట్టు. ఎందుకు అవసరమైందో తెలియాలంటే అది లేనిచోట పని ఎలా సాగుతుందో చూడాలి. ఏరివేత మనిషి మొహానికి అడ్డుగాజు, ఒంటికి బరువైన కవచం వేసుకుని మెటల్ డిటెక్టర్ పట్టుకుని మీటరు వెడల్పు దారిలో అంగుళం అంగుళం కదులుతాడు. యుద్ధం జరిగిన నేలలో ఇనుముకు కొదవా? తూటా తొడుగులు, షెల్ ముక్కలు, తుప్పుపట్టిన మేకులు, డబ్బా మూతలు. డిటెక్టర్ అన్నిటికీ ఒకేలా కూస్తుంది. కూసిన ప్రతిసారీ మోకాళ్ల మీద కూర్చుని, సన్నటి చువ్వను ఏటవాలుగా గుచ్చుతూ, మట్టిని పక్కనుంచి తొలుచుకుంటూ వెళ్లాలి. చివరికి దొరికేది చాలాసార్లు మేకే. అయినా మరుసటి కూతకు మళ్లీ అంతే భయంతో కూర్చోవాలి. ఇక్కడ ఏమరుపాటుకు క్షమాపణ ఉండదు.

పోనీ అన్ని మందుపాతరలకూ డిటెక్టర్ కూస్తుందా అంటే అదీ నమ్మకం లేదు. బోస్నియా యుద్ధంలో పాతిన పీఎంఏ-2 లాంటివి, కంబోడియాలో దొరికే చైనా తయారీ టైప్ 72 లాంటివి దాదాపు ప్లాస్టిక్కే. లోహం రవ్వంత. నేలలోనే ఇనుప ఖనిజం ఎక్కువగా ఉంటే ఆ రవ్వ జాడ దొరకదు. కుక్క ముక్కుకు ఇనుముతో పనే లేదు. అది వెతికేది పేలుడు మందు వాసన. టీఎన్‌టీతోపాటు ఉండే డీఎన్‌టీ అనే మాలిన్యం అతి కొద్దిగా ఆవిరై, ప్లాస్టిక్ పెంకులోంచి మట్టిలోకి ఊరి, మట్టిలోంచి పైకి వస్తుంది. మనకు లేనే లేదనిపించే ఆ వాసనను అది పట్టుకుంటుంది. మేకులు, డబ్బా మూతలు దాని లెక్కలోకే రావు.

పొలంలో దాని పని చూడటానికి నాటకీయంగా ఏమీ ఉండదు. చుట్టూ దారి శుభ్రం చేసిన గడుల్లాంటి చతురస్రాలు, ఒక్కొక్కటి దాదాపు 10 మీటర్ల పక్కలతో, తాళ్లతో, రంగు పుల్లలతో గుర్తులు పెట్టి ఉంటాయి. కుక్కను నడిపించే హ్యాండ్లర్ ఆ శుభ్రమైన అంచున నిలబడి పొడవాటి తాడు వదులుతాడు. బెల్జియన్ మాలినోయిస్సో జర్మన్ షెపర్డో ముక్కు నేలకు ఆనించినట్టుగా పెట్టుకుని తిన్నగా అవతలి అంచుదాకా నడిచి తిరిగొస్తుంది. అడుగు పక్కకు జరిగి మళ్లీ అంతే. వాసన తగిలితే గోకదు, మొరగదు, కూర్చుంటుంది. కూర్చుని హ్యాండ్లర్ వైపు చూస్తుంది. దాని కూలి ఒక రబ్బరు బంతి, కాసేపు ఆట. అదే గడిలోకి ఆ తర్వాత మామూలుగా రెండో కుక్కను పంపుతారు. మొదటిది ఎక్కడ కూర్చుందో దానికి తెలియదు. రెండూ ఏమీ లేదన్న గడిని ఖాళీ లెక్కలో వేస్తారు. ఏదో ఒకటి కూర్చున్న చోట మనిషి చువ్వ పట్టుకుని దిగుతాడు.

ఆ 'ఖాళీ' అనే మాట దగ్గరే అసలు విలువంతా ఉంది. మందుపాతర చంపే మనుషులకంటే అది బీడు పెట్టించే నేల ఎక్కువ. ఎవరో ఎప్పుడో ఇక్కడ పాతారట అన్న పుకారు చాలు, ఊరు ఊరంతా ఆ పొలం వైపు కాలు పెట్టదు. అనుమానం ఉన్న నేలలో ఎక్కువ భాగంలో చివరికి ఏమీ ఉండదని ఈ రంగంలో పనిచేసేవాళ్లకు బాగా తెలుసు. కానీ ఏమీ లేదని రుజువు చేసేదాకా అది బీడే. ఆ రుజువును మనిషికంటే ఎన్నో రెట్లు వేగంగా ఇవ్వగలిగేది జంతువు ముక్కు. టాంజానియాలో శిక్షణ పొంది కంబోడియాలో పనిచేసిన మగావా అనే ఆఫ్రికా ఎలుకకు 2020లో బ్రిటన్‌లోని పీడీఎస్ఏ సంస్థ బంగారు పతకం ఇస్తే లోకమంతా మురిసిపోయింది. అది 71 మందుపాతరలు పట్టించింది. ఎలుక ముక్కుకు చప్పట్లు కొట్టిన చేతులు కుక్క దగ్గరికి వచ్చేసరికి ఎందుకు ముడుచుకున్నాయో!

కుక్క సర్వరోగ నివారిణి అని నేను చెప్పడం లేదు. వాన పడితే దానికి పని లేదు. గాలి ఎక్కువైతే వాసన కొట్టుకుపోతుంది. ఎండ ముదరకముందే రోజు పని ముగించాలి. మందుపాతరలు కిక్కిరిసి ఉన్నచోట వాసనలు కలగలిసి దానికి తికమక. అక్కడ యంత్రం, మనిషి తప్పవు. జెనీవాలో ఈ పనికోసమే 1998లో పెట్టిన అంతర్జాతీయ కేంద్రం వీటి మీద లావుపాటి అధ్యయనాలే చేసింది. కుక్కలకు, హ్యాండ్లర్లకు అంతర్జాతీయ ప్రమాణాలున్నాయి, పరీక్షలున్నాయి. పరీక్ష తప్పిన కుక్కను పొలంలో దించరు. జాలితో నడిచే పనికి ఇన్ని పరీక్షలుండవు.

ఇదంతా మనకు కొత్తా? ముఖ్యమంత్రి బహిరంగ సభకు ముందు వేదిక చుట్టూ పోలీసు జాగిలాన్ని తిప్పడం మనం చూడనిదా? 2003లో అలిపిరి దగ్గర చంద్రబాబు కాన్వాయ్ మీద క్లెమోర్ మైన్లు పేలిన రాష్ట్రం మనది. ఇక్కడ జాగిలం వాసన చూస్తే భద్రత, కంబోడియాలోని బట్టంబాంగ్ రైతు పొలంలో చూస్తే చోద్యమా?

ఇక రెండో ఎత్తిపొడుపు: చెక్కు నేరుగా రాసివ్వొచ్చుగా. రాసివ్వొచ్చు. రాసిస్తే మహారాజులా తీసుకుంటారు. కానీ రాయరు. లోకం పుట్టినప్పటినుంచీ మనిషి చేత డబ్బు తీయించడానికి పాటో ఆటో భోజనమో పక్కన పెట్టాల్సే వచ్చింది. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు ఎన్టీఆర్, ఏఎన్నార్ వీధుల్లోకి వచ్చి విరాళాలు అడిగారు. జనం ఎగబడ్డది ముందు తారల్ని చూడటానికే. చూడటానికి వచ్చి జేబులు ఖాళీ చేసుకుని వెళ్లారు. "సినిమా మోజు లేకుండా మనియార్డరు చేయొచ్చుగా" అని అప్పుడు ఎవరైనా అని ఉంటే ఆ మనిషిని ఊరు ఎలా చూసి ఉండేదో ఊహించుకోండి.

గోల్ఫ్ రోజు లెక్కను దగ్గరగా చూస్తే వెక్కిరింత ఇంకాస్త పలచబడుతుంది. నలుగురేసి జట్టు. జట్టుకింత రుసుము. 18 హోల్స్ దగ్గరా బోర్డులు, ఒక్కో బోర్డుకూ ఏదో దంతవైద్యుడో కార్ల డీలరో బీమా ఏజెంటో డబ్బు కడతాడు. కొట్టిన దెబ్బ గురితప్పితే మళ్లీ కొట్టుకునే అవకాశాన్ని మలిగన్ అంటారు, దాన్నీ అమ్ముతారు. ("మందుపాతర మీద కాలేసినవాడికి మలిగన్ ఉంటుందా?" అన్న ఎత్తిపొడుపు ఒకటి తిరుగుతుంటుంది. ఉండదు. అందుకే దాన్ని అమ్మి ఆ డబ్బు అక్కడికి పంపిస్తున్నారు. ఈ చమత్కారం ఏ వైపు కోస్తుందో అన్నవాళ్లే చూసుకోవాలి.) సాయంత్రం వేలంపాట. ఈ బీమా ఏజెంటు తన కంపెనీ ప్రచార ఖాతాలోంచి కట్టిన డబ్బు గోల్ఫ్ లేకపోతే మందుపాతరల పొలానికి వెళ్లేదా? ఇంకో బోర్డుకు వెళ్లేది. అంటే విందు ఖర్చు పేదవాడి నోటిదగ్గర కూడేమీ కాదు. లేని డబ్బును పుట్టించిన ఖర్చు.

అయితే పుట్టిన డబ్బులో సగం విందే మింగేస్తే? అప్పుడు నేనూ తిడతాను. తిట్టడానికి ఆధారం కావాలి, అది దొరుకుతుంది కూడా. అమెరికా పన్ను చట్టం ప్రకారం 75 డాలర్లు దాటిన చెల్లింపుకు బదులుగా దాతకు ఏదైనా అందితే, అంటే ఆటా భోజనం లాంటివి, వాటి విలువ ఎంతో సంస్థ రాతపూర్వకంగా చెప్పాలి. పన్ను మినహాయింపు ఆ విలువ పోను మిగిలిన దానికే. ఎంత తిన్నారు, ఎంత ఇచ్చారు అన్నది రసీదులోనే ఉంటుంది. పెదవి విరవడానికి ముందు ఆ రసీదు అడిగినవాళ్లను నేను ఇంకా చూడలేదు.

ఫొటోల సంగతి కూడా అడుగుతారు కాబట్టి చెప్పాలి. 1997 జనవరిలో ప్రిన్సెస్ డయానా అంగోలాలోని హువాంబో దగ్గర కవచం తొడుక్కుని, మొహానికి అడ్డుగాజు పెట్టుకుని శుభ్రం చేసిన దారిలో నడిచింది. ఫొటోగ్రాఫర్ల కోసం మరోసారి నడిచింది. బ్రిటన్‌లో అధికార పక్షం మనుషులే ఆమె నోరు జారుతోందని, తెలియని విషయంలో వేలు పెడుతోందని విసుక్కున్నారు. ఆ ఏడాది డిసెంబరులో ఒట్టావాలో దేశాలు వరసగా మందుపాతరల నిషేధ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఫొటో వల్లే ఒప్పందం వచ్చిందంటే అబద్ధమవుతుంది. దానికోసం ఏళ్ల తరబడి చెమటోడ్చింది జోడీ విలియమ్స్, ఆమె వెనకున్న అంతర్జాతీయ ఉద్యమం. ఆ ఏడాది నోబెల్ శాంతి బహుమతి వాళ్లకే దక్కింది. కానీ ఆ ఫొటో దారికి అడ్డం పడలేదన్నది మాత్రం ఎవరూ కాదనలేరు.

అన్నిటికంటే బరువైన వాదన ప్రభుత్వాలది. పాతింది వాళ్లు, తీయాల్సిందీ వాళ్లే, గోల్ఫ్ ఆడేవాళ్లు చందాలిస్తే ప్రభుత్వాలు బాధ్యత దులిపేసుకుంటాయి అంటారు. ఈ వాదనలో నీతి ఉంది, గౌరవిస్తాను. కానీ 2025లో ఏం జరిగిందో చూడండి. అప్పటిదాకా ప్రపంచంలో ఈ పనికి అందరికంటే ఎక్కువ డబ్బిచ్చిన దేశం అమెరికా. 1993 నుంచి 500 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చింది. జనవరిలో కొత్త ప్రభుత్వం వచ్చీ రాగానే విదేశీ సహాయాన్ని 90 రోజులు నిలిపేస్తే ఏరివేత పనులూ నిలిచాయి. కంబోడియాలో మనుషులు పరికరాలు సర్దుకుని ఇళ్లకు వెళ్లాల్సి వచ్చింది. తర్వాత కొన్నాళ్లకు మినహాయింపు దొరికిందనుకోండి. ఒక్క సంతకంతో ఆగిపోయే డబ్బు మీదే మొత్తం భారం వేసి, పక్కన వచ్చే చిన్న డబ్బును మైలపడిందని తోసేయడం ఏ రకం పేదల పక్షం?

ప్రభుత్వాల మనసు ఎటు మళ్లుతోందో కూడా చూడాలి. 2024 నవంబరులో అమెరికా ఉక్రెయిన్‌కు మనుషుల్ని చంపే మందుపాతరలు ఇవ్వడానికి ఒప్పుకుంది. 2025లో లిథువేనియా, లాత్వియా, ఎస్తోనియా, ఫిన్లాండ్, పోలండ్ ఒట్టావా ఒప్పందం నుంచి తప్పుకోవాలని నిర్ణయించాయి. రష్యా, చైనా, పాకిస్తాన్ ఎప్పుడూ అందులో లేవు. మన దేశమూ లేదు. 2001 చివర్లో పార్లమెంటు మీద దాడి తర్వాత సరిహద్దుకు సైన్యం కదిలినప్పుడు పంజాబ్, రాజస్థాన్ రైతుల పొలాల్లో మన సైన్యమే మందుపాతరలు పాతి, తర్వాత తానే ఏరింది. మన గడప దగ్గరికొస్తే, 2025 ఏప్రిల్‌లో మావోయిస్టులు కర్రెగుట్టల చుట్టూ బాంబులు అమర్చామని, ఆ వైపు రావొద్దని జనానికి వాళ్లే ప్రకటన ఇచ్చారు. అడవిలోకి వెళితేగాని పొయ్యి వెలగని ఆదివాసీకి ఆ ప్రకటన చదివి వినిపించేదెవరు? ప్రపంచవ్యాప్తంగా 2023లో మందుపాతరలు, పేలకుండా మిగిలిన మందుగుండు వల్ల చనిపోయినవాళ్లు, గాయపడినవాళ్లు కనీసం 5,757 మంది అని ల్యాండ్‌మైన్ మానిటర్ నివేదిక లెక్క. అందులో 84 శాతం మామూలు జనం. పాతేవాళ్లు ఆగనప్పుడు తీసేవాళ్ల డబ్బుకు కులం, గోత్రం అడగడం నాకు మింగుడుపడదు.

నా అనుమానం ఏమిటంటే, వీళ్ల కోపం కుక్క మీదా కాదు, చందా మీదా కాదు. గోల్ఫ్ మీద. ఆ కోపంలో నాకూ వాటా ఉంది. నీళ్లు తాగే ఆట, నేల మింగే ఆట. గోల్కొండ నయాఖిల్లాలో గోల్ఫ్ కోసం కోట నేలను మార్చారని హైదరాబాద్ చరిత్ర ప్రేమికులు గొడవపడితే నేను వాళ్ల పక్షమే. కానీ ఆ తగువు వేరు, ఈ తగువు వేరు. అందుకు రుజువు కావాలంటే పిల్లల సంగతి చూడండి. అమెరికాలోని వర్జీనియాలో 1997లో పుట్టిన మార్షల్ లెగసీ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ ఇలాంటి కుక్కల్ని చందాలతో కొని దేశదేశాలకు పంపుతుంది. దాని కార్యక్రమాల్లో ఒకటి బడిపిల్లలది. పిల్లలు చిల్లర పోగేసి ఒక కుక్కకు డబ్బు కూడబెడతారు. ఆ వార్త చదివితే ఇవే కళ్లు చెమర్చుతాయి. డబ్బు చేరేది అదే సంస్థకు, వెళ్లేది అదే కుక్కకు, దిగేది అదే పొలంలోకి. చిల్లర అయితే పవిత్రం, గోల్ఫ్ రుసుమైతే పాపం అనడం వాదన కాదు, అభిరుచి. కాలిఫోర్నియాలో ద్రాక్షసారా తయారీదార్ల దగ్గర చందాలు పట్టి క్రొయేషియాలో, అఫ్ఘానిస్తాన్‌లో మందుపాతరల నేలను తోటలుగా మార్చిన 'రూట్స్ ఆఫ్ పీస్' వ్యవస్థాపకురాలు హైదీ క్యూన్‌కు 2023లో వరల్డ్ ఫుడ్ ప్రైజ్ ఇచ్చారు. సారా డబ్బు కదా అని ఎవరూ వద్దనలేదు.

గోల్ఫ్‌కూ మందుపాతరలకూ సంబంధం ఏమిటనేవాళ్లకు కూడా ఒక మాట. కాబూల్ బయట ఖర్గా సరస్సు పక్కన 1967 నుంచి ఒక గోల్ఫ్ క్లబ్బు ఉండేది. యుద్ధాల్లో ఆ మైదానమంతా మందుపాతరలే. వాటిని తీశాకే 2004లో మళ్లీ తెరిచారు. అక్కడ హోల్ చుట్టూ పచ్చిక (గ్రీన్) ఉండేది కాదు, నూనె కలిపి గట్టిపరచిన ఇసుక ఉండేది. కొరియాలో రెండు దేశాల సరిహద్దు దగ్గర క్యాంప్ బోనిఫాస్ అనే సైనిక స్థావరంలో ఒకే ఒక్క హోల్ ఉన్న గోల్ఫ్ కోర్సు ఉంది. 192 గజాలు. మూడు పక్కలా మందుపాతరలు. అక్కడ గురితప్పిన బంతిని ఎవరూ వెతకరు.

ఇప్పుడు ఆ తప్పు కాని కాస్త మాట. శిక్షణ పొందిన ఒక కుక్కను పొలందాకా చేర్చడానికి 20 వేల డాలర్ల పైమాటే. మన లెక్కలో 17 లక్షలు దాటుతుంది. టోర్నమెంట్ ఈ మొత్తాన్ని పోగేసి, కుక్కకు ఒక ముద్దు పేరు పెట్టి, ఫొటో తీసి, ఇళ్లకు వెళ్లిపోతుంది. ఆవును దానమిచ్చి గడ్డి మాట మరిచినట్టు. కుక్క అక్కడ ఆరేడేళ్లు పనిచేస్తుంది. ఆ ఏళ్లన్నీ దానికి తిండి, పశువైద్యుడు, నీడ కావాలి. హ్యాండ్లర్‌కు జీతం కావాలి. అతను వేరే ఉద్యోగం చూసుకుని వెళ్లిపోతే కుక్కను కొత్త మనిషికి అలవాటు చేసి ఇద్దరికీ కలిపి మళ్లీ పరీక్ష పెట్టాలి, అన్నాళ్లూ అది ఖాళీ. పొలందాకా వెళ్లే బండికి డీజిల్ కావాలి. అంబులెన్సు లేనిదే పని మొదలుపెట్టకూడదు. కుక్క కూర్చున్నచోట తవ్వే మనిషికి కూలివ్వాలి. ముందుగా ఊళ్లు తిరిగి ఎవరి కాలు ఎక్కడ పోయిందో అడిగి పటం గీసేవాళ్లకు ఇవ్వాలి. ఇవన్నీ కలిపితే కుక్క ఖరీదు చిన్నదైపోతుంది. వీటిలో దేనికీ ముద్దు పేరు పెట్టడం కుదరదు కాబట్టి దేనికీ స్పాన్సర్ దొరకడు.

తిట్టదలిస్తే దీన్ని తిట్టాలి. చందా పట్టే సంస్థలు కుక్క బొమ్మ చూపించి అడగడం మరిగాయి. దాతలూ 'మా కుక్క' అని చెప్పుకోవడం మరిగారు. ఒక్క కుక్క ఇన్ని ప్రాణాలు కాపాడుతుందని రాసేస్తారు. కుక్క ఒంటరిగా ఎవరినీ కాపాడదు. దాని తాడు చివరనున్న బోస్నియా మనిషో కంబోడియా మనిషో ఆ ప్రచార పత్రంలో మసకగా వెనకెక్కడో ఉంటాడు. మన వెక్కిరింత వీరులు ఈ సంగతి ఎప్పుడైనా అడిగారా? ఆటగాళ్ల చొక్కాలు, కార్లు, భోజనం పళ్లేలు లెక్కపెట్టడంతోనే వాళ్లకు పొద్దుగూకుతోంది.

వచ్చే ఏడాది టోర్నమెంట్‌లో తొమ్మిదో హోల్ దగ్గర కుక్క బొమ్మ తీసేసి 'ఒక హ్యాండ్లర్ ఏడాది జీతం' అని బోర్డు పెట్టమనండి. పద్నాలుగో దాని దగ్గర 'డీజిల్, అంబులెన్సు' అని. అలాంటి బోర్డుకు డబ్బెవరిస్తారని నిర్వాహకులు నసుగుతారు. కుక్క కోసం 20 వేల డాలర్లు పోగేసిన చోట దీనికి ఓ దంతవైద్యుడు దొరకడా? ముందు అడిగి చూడమనండి.